ఎనిమిది వందల గంటల లెక్క: సీమ ఇళ్లలో చదువు

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో నిర్ణయించింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆ లెక్క 220 రోజులు, 1,000 గంటలు. భాగించి చూస్తే చిన్న తరగతుల వారికి రోజుకు సరిగ్గా నాలుగు గంటలు, పై తరగతుల వారికి నాలుగున్నర. అనంతపురానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి పట్టణంలోని ప్రైవేటు బడికి వెళ్లే ఏడేళ్ల పిల్లను ఊహించుకుంటే, ఉదయం ఏడున్నరకు వ్యాను ఎక్కి, సాయంత్రం ఐదు గంటలకు దిగి, ముఖం కడుక్కుని ట్యూషనుకు వెళ్లి, వచ్చి హోంవర్కు ముగించేసరికి చదువు పేరుతో దాదాపు పన్నెండు గంటలు గడిచిపోతాయి. చట్టం అడిగే నాలుగు గంటలకూ, ఆ పిల్ల ఇచ్చే పన్నెండు గంటలకూ మధ్య తేడా ఎనిమిది గంటలు. ఇంటి దగ్గరే చదివించడం వల్ల కలిగే లాభాలుగా చెప్పుకునే వాటిలో చాలా భాగం, తరచి చూస్తే, ఈ ఎనిమిది గంటల నుంచి పుట్టినవే. ఆ కాలాన్ని ఎవరు, దేనికి వాడుకుంటారన్నది తేలనిదే ఇంటి చదువు మంచిదా కాదా అన్న చర్చకు అర్థం లేదు.

బడిలో అంత సమయం ఎందుకు పడుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. నలభై మంది ఉన్న గదిలో, నలభై ఐదు నిమిషాల పీరియడులో హాజరు వేసి, అల్లరి ఆపి, పాఠం చెప్పి, నోట్సు దిద్దవలసిన ఉపాధ్యాయుడికి ఒక్కొక్క పిల్లవాడి మీద పెట్టడానికి నిమిషం కూడా మిగలదు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని అదే చట్టం చెప్పిన నిష్పత్తి అమలైన చోట కూడా ఈ లెక్క పెద్దగా మారదు. ఇంట్లో ఒకరికో ఇద్దరికో చెప్పేటప్పుడు, భిన్నాల కూడికలో పిల్ల ఎక్కడ తడబడిందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది; యూనిట్ టెస్టు దాకా ఆగవలసిన పని ఉండదు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఒక్కొక్కరికి విడిగా, వచ్చేదాకా చెప్పే పద్ధతిలో చదివిన సగటు విద్యార్థి, మామూలు తరగతి గదిలో చదివినవారిలో దాదాపు 98 శాతం మందిని మించిపోయాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా అంత పెద్దదిగా కనిపించలేదు గాని, విడిగా చెప్పడం వల్ల మేలు ఉందన్న మాట మాత్రం నిలిచింది. అయితే బ్లూమ్ లెక్కలోని బోధకులు శిక్షణ పొందినవారు; వంట ముగించి పుస్తకం పట్టుకున్న తల్లిని వారితో సమానంగా లెక్కకట్టడం సరికాదు. ఇంట్లో చదివిన పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తాయని చెప్పే విదేశీ సర్వేలను కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. వాటిలో చాలావాటికి తమంత తాముగా ముందుకు వచ్చి వివరాలు ఇచ్చింది చదువుకున్న, నిలదొక్కుకున్న కుటుంబాలే.

కాబట్టి ఇంటి చదువు అసలు లాభాన్ని మార్కుల్లో కాక నడకలో వెతకడం మేలు. లెక్కల్లో ముందున్న పిల్లవాడు తెలుగు రాతలో వెనకబడి ఉండవచ్చు. బడి వాడిని రెండింటిలోనూ ఒకే తరగతిలో కూర్చోబెట్టక తప్పదు. ఇంట్లో అయితే నాలుగో తరగతి లెక్కలు, రెండో తరగతి తెలుగు ఒకే ఉదయం, ఒకే చాప మీద సాగుతాయి. ఈ ఊహకు కార్యరూపం సీమలోనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా అమర్చి, ఒకే గదిలోని వేర్వేరు వయసుల పిల్లలు ఎవరి మెట్టు మీద నుంచి వారు పైకి పోయే పద్ధతిని రూపొందించింది. తర్వాత అది వేరే రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోకీ వెళ్లింది. ఇంట్లో చదివించాలనుకునేవారు విదేశీ పాఠ్యప్రణాళికల కోసం వేలు ఖర్చు పెట్టే ముందు ఈ పద్ధతిని ఒకసారి చూడటం మంచిది.

భాష సంగతి విడిగా చెప్పుకోవాలి. తెలుగులో మాట్లాడినందుకు, ఇకపై తెలుగు మాట్లాడబోమన్న అర్థం వచ్చే పలకలను పిల్లల మెడలో వేసిన ఘటన 2009లో కడప జిల్లా మైదుకూరులోనే జరిగి రాష్ట్రమంతా అలజడి రేపింది. బ్రౌన్ దొర తాళపత్రాలు ఎత్తి రాయించి, పద్యాలను బతికించిన జిల్లాలో ఇలా జరగడం ఆశ్చర్యమే. అలాంటి అవమానాలు ఇప్పుడు తగ్గి ఉండవచ్చు గాని, ఇంట్లో వినే భాష ఒకటి, బడిలో బట్టీ పట్టే భాష ఒకటి అయిన పిల్లల ఇబ్బంది తగ్గలేదు. సాధ్యమైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఇంటి చదువులో దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆలోచన తెలుగులో నేర్పి, ఇంగ్లీషును ఒక భాషగా పక్కనే నేర్పవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండటం ఇంటి బోధనకు అనుకోకుండా కలిసివచ్చిన సౌకర్యం. ఇంగ్లీషు తడుముకునే తల్లి కూడా ఎదుటి పేజీ చూసి పాఠం చెప్పగలదు.

మిగిలిన కాలానికి సీమ నేల ఇచ్చే పాఠాలు తక్కువేమీ కావు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం ప్రాంతంలో లెక్కలు నేర్పడానికి వానకన్నా మంచి వస్తువు లేదు. ఒక ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది దాదాపు 4,047 లీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ ఎకరంలో పడింది ఇంచుమించు 81 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన పిల్లకు ఈ గుణకారం ఎందుకు చేయాలో చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లలో ఎంత ఇంకింది, ఎంత వంకలో కలిసింది, చెనిక్కాయ చేనుకు ఎంత దక్కిందని అడగడం మొదలుపెడితే ఒక్క వానతో ఘనపరిమాణం, శాతాలు, నేల స్వభావం, బావుల్లో నీటిమట్టం వరకు వెళ్లవచ్చు. చీనీ తోటకు డ్రిప్పు వేసిన ఇంట్లో అయితే గంటకు ఇన్ని లీటర్లు వదిలే గొట్టం, ఇన్ని చెట్లు, ఇన్ని గంటల కరెంటు అనే లెక్క రోజూ ఎదురుగానే ఉంటుంది.

చరిత్ర కూడా దూరంగా లేదు. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి గుట్ట బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దులు చాలు చివర మళ్లి తిరిగి వచ్చినట్టు సాగుతాయి. లిపి అంటే ఎప్పుడూ ఒకే దిక్కుకు నడిచేది కాదన్న సంగతి పుస్తకంలో వాక్యంగా చదివిన పిల్లకూ, ఆ బండ ముందు కూర్చుని వేలితో చూపిన పిల్లకూ ఒకేలా అర్థం కాదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరున్నది అదే. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. సున్నపురాయిని నీరు ఎలా కరిగిస్తుందో చెప్పడానికి రసాయనశాస్త్రం పుస్తకం కన్నా అక్కడి పైకప్పు బాగా పనికొస్తుంది. బడి పిల్లలు కూడా వీటిని చూస్తారు, ఏడాదికి ఒక విహారయాత్రలో, వరసలో నడుస్తూ, బస్సు హారను వినిపించేదాకా. ఇంట్లో చదివే పిల్ల మంగళవారం ఉదయం వెళ్లి, మధ్యాహ్నం దాకా ఉండి, మళ్లీ వచ్చే నెల ఇంకో ప్రశ్నతో రావచ్చు.

ఇంటి చదువు కొత్త ఫ్యాషనన్న అభిప్రాయం ఉంది. సీమ దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరై, చివరికి 1827 జూలైలో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయించాడు. ఆ నివేదికల ఆధారంగా 1826లో ఆయన రాసిన మినిట్‌లో, అంటే అధికారిక పత్రంలో, 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థుల లెక్క ఉంది. మద్రాసు పట్నంలో బడికి వెళ్లేవారికన్నా దాదాపు ఐదింతల మంది పిల్లలు ఇళ్లలోనే చదువుతున్నారని వచ్చిన లెక్క మీద ఆయనకే అనుమానం కలిగింది గాని, ఇంట్లో చదువు చెప్పించడం మామూలేనన్న సంగతిని ఆయన కాదనలేదు. నేటి అనంతపురం ప్రాంతం అప్పటి బళ్లారి జిల్లాలో భాగం. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 నివేదిక ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. ఇది ఇప్పటికీ ఇంటి చదువులో సహజంగా జరిగే పని: అక్క తమ్ముడికి ఎక్కాలు చెప్పినప్పుడు ఎక్కువగా నేర్చుకునేది అక్కే. కానీ ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. పాతకాలపు ఇంటి చదువు గొప్పతనం చెప్పేవారు ఈ అంకెను కూడా చెప్పాలి. ఎవరి ఇంట్లో పుస్తకం ఉందో వారి పిల్లలకే చదువు అందిన కాలం అది.

కుటుంబానికి కలిగే లాభం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది అనుబంధం అన్న పెద్ద మాట వాడతారు. నిజానికి ఆ లాభం చిన్న సంగతుల్లో ఉంటుంది. పగటిపూట ఇంట్లో ఉన్న పిల్ల జేజి చెప్పే పొడుపుకథ వింటుంది, కొర్రలు చెరిగేటప్పుడు పక్కన కూర్చుంటుంది, అంగడిలో నాన్న లెక్క రాసేటప్పుడు తప్పు పట్టుకుంటుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషను పేరుతో హాస్టల్లో వేసిన పిల్లకు ఇవి దొరకవు. ఉదయం అయిదింటికి లేపి రాత్రి పది దాకా చదివించే ఆ హాస్టళ్ల ఒత్తిడి నుంచి తప్పించడానికే ఇంటి చదువు వైపు చూస్తున్న తల్లిదండ్రులూ ఉన్నారు. వారి కారణాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఇంటి చదువు చట్టబద్ధమైన హక్కు. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే విద్య పొందే దారిని ఎంచుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. రాష్ట్రంలో మండలాల్లోని భవిత కేంద్రాల ఐఈఆర్పీలు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే సిబ్బంది) అలాంటి పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పించే ఏర్పాటు ఉంది. మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే వివరాలు దొరుకుతాయి. అడగాలని చాలామందికి తెలియదు.

మిగతా పిల్లల విషయంలో చట్టం ఇంత స్పష్టంగా లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని పదో సెక్షను, తల్లిదండ్రులు తమ పిల్లలను సమీపంలోని బడిలో చేర్చాలంటుంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ చెప్పదు. రాజ్యాంగంలోని 51ఎ(కె) అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యావకాశాలు కల్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది గాని బడి అన్న మాట వాడదు. ఇంటి చదువును చట్టం నిషేధించలేదు, గుర్తించనూ లేదు. ఈ సందిగ్ధం వల్ల ఆచరణలో పెద్ద చిక్కు రాకపోవడానికి నాలుగో సెక్షను ఒక కారణం: బడికి వెళ్లని పిల్లను ఎప్పుడైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అది బడులను ఆదేశిస్తుంది. అంటే ఎనిమిదో తరగతి లోపు ఇంటి చదువు కుదరకపోతే వెనక్కి తిరిగే తలుపు తెరిచే ఉంటుంది.

ఆ తర్వాతి దారి ఓపెన్ స్కూలు. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గాని, 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ ద్వారా గాని పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ ఉంది. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు కనుక సబ్జెక్టులను విడగొట్టి రాసుకోవచ్చు. ఓపెన్ స్కూల్లో చదివితే డాక్టరు కాలేరన్న భయం ఒకప్పుడు నిజమే. ఆ అడ్డంకిని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2024లో సుప్రీంకోర్టు దగ్గర ఆ వివాదం ముగిసి, గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల విద్యార్థులకు నీట్ దారి తెరుచుకుంది. జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ ఇంటర్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు ఉండాలి; ఫారం నింపేటప్పుడే ఇది చూసుకోకపోతే తర్వాత చిక్కులు వస్తాయి.

ఇక ఖర్చు. ఫీజు మిగులుతుందన్నది నిజమే గాని, లెక్కలో రెండో వైపు కూడా ఉంది. 2025 జూన్ నుంచి అమలవుతున్న తల్లికి వందనం కింద పిల్లకు 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు తీసే 2,000 పోను తల్లి ఖాతాలో 13,000 పడాలంటే 75 శాతం హాజరు ఉండాలి. బడిలో పేరు లేని పిల్లకు అది రాదు. ప్రభుత్వ బడిలో దొరికే మధ్యాహ్న భోజనం, గుడ్డు, చిక్కీ, పుస్తకాలు, బట్టలు, బూట్లు కూడా పోతాయి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఎవరూ రాసిపెట్టనిది: పగలంతా ఇంట్లో ఉండే మనిషి కాలం. చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లి. ఆమె వదులుకున్న కూలి గాని, కుట్టుపని గాని, టీచరు ఉద్యోగం గాని ఈ చదువుకు అసలు ఫీజు. తండ్రి కూడా రోజుకు ఒక గంట పాఠం చెప్పడానికి కూర్చోని ఇంట్లో, ఇంటి చదువంటే ఇల్లాలి మీద పడిన మరో జీతం లేని కొలువే.

అందుకే ఇంటి చదువు, బడి మానడం ఒకటి కావని గట్టిగా చెప్పాలి. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు వలసపోయే కుటుంబాలతో పాటు వెళ్లే పిల్లలు చేను గట్టున ఎన్ని సంగతులు నేర్చుకున్నా, దాన్ని ఇంటి చదువు అనడం వారికి అన్యాయం చేయడమే. వారికి కావలసింది సీజనల్ హాస్టలు, దగ్గరలో బడి. అలాగే ఏడో తరగతితో ఆపేసిన ఆడపిల్ల గురించి అడిగితే ఇంట్లోనే చదువుకుంటోందని జవాబు వచ్చినప్పుడు, పుస్తకాలు ఎక్కడున్నాయని అడగాలి. ఆ జవాబు వెనక చాలాసార్లు సంబంధం మాట్లాడుకోవడం ఉంటుంది. ఇంకో సంగతి, అందరూ ఇష్టపడి మాట్లాడనిది. వేర్వేరు కులాల పిల్లలు ఒకే వరసలో కూర్చుని ఒకే అన్నం తినే చోటు చాలా ఊళ్లలో ప్రభుత్వ బడి ఒక్కటే. ఇంట్లో చదివే పిల్లకు ఈడు పిల్లలు దొరకరన్న బెంగ కన్నా, దొరికేవారందరూ తన వీధివారే అవుతారన్న బెంగ ఎక్కువ న్యాయమైనది. సాయంత్రం ప్రభుత్వ బడి మైదానానికి పంపడం, ఊరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవడం దీనికి కొంత విరుగుడు. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా ఎలాగూ కడుతూనే ఉన్నారు కదా.

బడి మాన్పించే ముందు పరీక్షించుకోవలసింది పిల్లను కాదు, ఇంటిని. ఏప్రిల్ చివర మొదలయ్యే వేసవి సెలవులు జూన్ 12న బడి తెరిచే దాకా దాదాపు ఏడు వారాలు. కర్నూలు ఎండలో పది దాటితే ఎవరూ కూర్చోలేరు కనుక ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు పాఠం, సాయంత్రం ఒక గంట చదవడం పెట్టుకుని, ఏ రోజు ఏం చేశారో తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఈ నోట్‌బుక్కే రేపు తిరిగి బడిలో చేర్చవలసి వచ్చినప్పుడు ఏ తరగతికి తగినదో చెప్పే ఆధారం కూడా అవుతుంది. పెళ్లిళ్లు, జాతరలు, చుట్టాలు, కరెంటు కోతలు అన్నీ ఉండే ఆ ఏడు వారాల్లో వారానికి అయిదు రోజులైనా తేదీలు పడిన ఇల్లు జూన్‌లో టీసీ సంగతి ఆలోచించవచ్చు. మూడో వారానికే తేదీలు ఆగిపోయి పిల్ల చేతికి సెల్‌ఫోను వచ్చిన ఇంట్లో, జూన్ 12న సంచి సర్ది పంపడమే పిల్లకు మేలు.